రాయికి ఊరు రాసిన మనిషి – రాబర్ట్ బ్రూస్ ఫుట్

ఈ జ్ఞాపక సంచికల్లో మేము ఇప్పటివరకు మన వాళ్ల కథలే చెప్పుకుంటూ వచ్చాం. గాం గంటందొర, మల్లుదొర, కొమరం భీం – ఇలా పోరాడిన వాళ్ల జీవితాలు. ఈసారి ఒక ఇంగ్లీషు దొర కథ ఎందుకని పెద్దలు అడిగారు. అడగడం న్యాయమే. ఆయన మన కోసం వచ్చిన మనిషి కాదు. ఆయనకు జీతమిచ్చిన ప్రభుత్వమే మన అడవికి గీతలు గీసింది. అయినా ఈ నేల మీద మనిషి ఎప్పటి నుంచి బతుకుతున్నాడనే ప్రశ్నకు దక్షిణ భారతంలో మొదటి రుజువు చూపించింది ఆయనే. అందుకే చెప్పుకుంటున్నాం, మెచ్చుకోలూ నిష్ఠూరమూ రెండూ కలిపి.

ముందు మన దగ్గరి సంగతి ఒకటి. చోడవరం చుట్టుపక్కల వాళ్లకు కనుమ అంటే అనకాపల్లి దగ్గరి శంకరం, అక్కడి బొజ్జన్నకొండ తీర్థం గుర్తుకొస్తాయి. ఒకప్పుడు ఆ రోజున జనం కొండ మీది బొజ్జ విగ్రహాన్ని రాక్షసుడని తలచి రాళ్లు రువ్వేవారు. అది బౌద్ధ భిక్షువులు మలిచిన కొండ అని ఇప్పుడు చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. ఎవరిదో తెలియని పాతదాన్ని రాక్షసుల ఖాతాలో వేసెయ్యడం మన దగ్గరే కాదు, అంతటా ఉంది. బళ్లారి వైపు మెట్టసీమలో పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. భీముడు చంపిన హిడింబాసురుణ్ని కాల్చిన బూడిద అని అక్కడి జనం చెప్పుకునేవారు. ఆ దిబ్బల దగ్గర ఆగి, ఇది రాక్షసుడి బూడిద కాదు, ఆవులు కాచుకున్న మనుషులు వదిలి వెళ్లిన గుర్తు అని గట్టిగా వాదించిన వాళ్లలో మొదటి వరసలో నిలిచిన మనిషి రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఫుట్ 1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండ్‌లోని చెల్టెనమ్‌లో పుట్టాడు. ఇరవై నాలుగేళ్లకు భారత భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగం దొరికింది. 1858 చివర్లో మద్రాసులో దిగాడు. ఆ శాఖ పని పురావస్తువులు వెతకడం కాదు. ఎక్కడ ఏ రాయి ఉంది, ఏ రాతి కింద బొగ్గు ఉంది, ఏ కొండలో ఇనుము, బంగారం ఉన్నాయో చూసి పటాలు గీయడం. చేతిలో సుత్తి, గుర్రం, గుడారం, సామానుకు ఎడ్లబండ్లు – ఏడాదిలో ఎండుకాలపు నెలలన్నీ ఇదే బతుకు. గనుల కోసం కొండల మీదికి వచ్చే సర్వే వాళ్లను చూస్తే మన ఊళ్లలో ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ భయం వట్టిది కాదు. ఫుట్ కూడా అలాంటి శాఖ మనిషేనని మరిచిపోవద్దు.

ఆ రోజుల్లో యూరప్‌లో ఒక పెద్ద తగువు నడుస్తోంది. భూమి వయసు ఆరువేల ఏళ్లేనని చర్చి వాళ్లు అనుకునే కాలం. ఫ్రాన్స్‌లోని సోమ్ నది ఒడ్డున, అంతరించిన జంతువుల ఎముకలతో పాటు మనిషి చెక్కిన రాళ్లు దొరికాయి. 1859లో ఇంగ్లండ్ పండితులు వెళ్లి చూసి అది నిజమేనని ఒప్పుకున్నారు. ఆ కబురు ఫుట్ చెవిన పడింది. నది ఒడ్డు గులకరాళ్లు, ఎర్రమట్టి తెట్టెలు చూసినప్పుడల్లా అలాంటి రాయి ఇక్కడా ఉంటుందేమోనని కన్ను వేసి ఉంచాడు.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో సైనికుల కవాతు మైదానం పక్కన కంకర తవ్విన గోతిలో ఆ రాయి దొరికింది. అది క్వార్ట్‌జైట్ రాతితో చేసిన చేతిగొడ్డలి. మన గొడ్డలిలా దానికి కామ ఉండదు. బాదంకాయ ఆకారంలో రెండు వైపులా పెచ్చులూడగొట్టి, గుప్పిట్లో పట్టుకొని వాడుకునేది. ఒక్క రాయి దొరికితే ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. అదే ఏడాది సెప్టెంబర్‌లో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి కొర్తలయారు నది లోయలోని అత్తిరంపాక్కం వెళ్లాడు. అక్కడ ఒకటి రెండు కాదు, రాశులుగా కనిపించాయి. భారతదేశంలో పాత రాతియుగం మనుషులు ఉన్నారన్న మాటకు అక్కడితో తిరుగు లేకపోయింది. ఆ రాళ్ల వయసు చెప్పే సాధనం ఆయన కాలంలో లేదు. 2011లో అదే అత్తిరంపాక్కం పొరలను కొత్త పద్ధతుల్లో పరీక్షిస్తే పది లక్షల ఏళ్లు దాటి, పదిహేను లక్షల దాకా వెళ్లింది లెక్క.

ఆ రాళ్లు చేసిన వాళ్లు నేటి మనుషుల కన్నా ముందరి మానవజాతి వాళ్లు. వాళ్లు మన తాతముత్తాతలని మేము చెప్పుకోవడం లేదు. ఈ మధ్య కొందరు సభల్లో ఆవేశంగా అలా అంటున్నారు గాని, అది నిలబడే మాట కాదు. నిలబడని మాట మీద మన హక్కును కట్టుకుంటే రేపు అదే మనల్ని పడేస్తుంది.

ఇక మెట్టసీమ కథ. ఫుట్ జీవితంలో మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్న భాగం ఇదే. బళ్లారి, అనంతపురం, కర్నూలు – దత్తమండలాలు. 1882లో అనంతపురం జిల్లా వేరుపడే వరకు అది బళ్లారిలోనే ఉండేది. అడవిలో ఏరు దాటి బడికి వెళ్లిన మన పిల్లలు అనంతపురంలో ఉద్యోగానికి చేరితే మొదటి వేసవిలోనే బెంగపెట్టుకుంటారు. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లా అదేనని అంటారు. బొమ్మనహాళ్ మండలంలో హగరి ఏటి పక్కన దర్గా హొన్నూరు దగ్గర పొలాల మీదికి ఇసుక మేటలు వేసి, అచ్చం ఎడారిలా కనిపిస్తుంది. తెలుగు నేల మీద ఎడారి చూడాలంటే అక్కడికే వెళ్లాలి. అలాంటి చోట వేల ఏళ్ల కిందట జనం నిండుగా బతికారంటే ఎవరు నమ్ముతారు? ఫుట్ నమ్మాడు, ఎందుకంటే ఆయన నడిచి చూశాడు.

నడిచిన కొద్దీ ఆయనకు ఒక సంగతి అర్థమైంది. పాత రాతియుగం మనిషి క్వార్ట్‌జైట్ దొరికే చోట తిరిగాడు. కొత్త రాతియుగం మనిషి మాత్రం గ్రానైటు గుట్టలు వెతుక్కున్నాడు. గుట్ట మీద బండల మధ్య నీడ, కింద చేను, పక్కన చెలమ. బళ్లారి పక్కన కుప్‌గల్ అనే కొండ ఉంది. సంగనకల్లు ఊరి పక్కనే. 1872లో అక్కడ జిల్లా ఇంజినీరు విలియం ఫ్రేజర్ ఆయనకు తోడు నిలిచాడు. కొండలో నల్లరాతి చార ఒకటి పరుచుకొని ఉంది. ఆ రాతిని కొట్టి, చెక్కి, నూరి గొడ్డళ్లు చేసిన చోటు అది. చెడిపోయిన గొడ్డళ్లు, సగం నూరినవి, పెచ్చులు – కమ్మరి కొలిమి దగ్గర ఇనుపరజను పడినట్టు పడి ఉన్నాయి. గొడ్డలి నూరిన గాడులు బండల మీద ఇంకా కనిపిస్తాయి. కొండవాలును రాళ్లతో కట్టుకట్టి మెట్లు మెట్లుగా చదును చేసి ఇళ్లు వేసుకున్నారని కూడా ఫుట్ గమనించాడు. పాడేరు మీద మెట్ల పొలం చూసిన వాళ్లకు కొండవాలుకు రాతికట్టు కట్టడం ఎంత ఓపిక పనో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఊళ్ల చుట్టుపక్కలే బూడిద దిబ్బలు. వాటి గురించి ఫుట్ కన్నా ముందు కల్నల్ మెకంజీ, కెప్టెన్ న్యూబోల్డ్ రాశారు. ఆ తర్వాత రాబర్ట్ సివెల్ అనే కలెక్టరు, విజయనగర చరిత్ర రాసినాయన, అవి విజయనగర కాలంలో మనుషుల్ని కాల్చిన గుర్తులని వాదించాడు. ఫుట్ ఒప్పుకోలేదు. బూడిదలో కొత్త రాతియుగపు గొడ్డళ్లు, కుండపెంకులు, పశువుల ఎముకలు ఉన్నాయి, కాబట్టి అది విజయనగరానికి ఎంతో ముందు కాలానిది అన్నాడు. పశువులను రాత్రిపూట పులుల నుంచి, దొంగల నుంచి కాపాడేందుకు ముళ్లకంచె కట్టి తోలే దొడ్డి ఉంటుందే, అలాంటి దొడ్డిలో ఏళ్ల తరబడి పేరుకున్న పేడ కాలితే ఇలాంటి దిబ్బ అవుతుందని చెప్పాడు. ఆఫ్రికాలో పశువుల కాపరులు వేసే ముళ్ల దొడ్లను పోలికగా తెచ్చాడు. గదబల ఇళ్లలోనో కొండదొరల ఇళ్లలోనో పుట్టిన వాడికి అంత దూరం పోలిక అక్కర్లేదు. మందను దొడ్లో తోలి కంచె మూసే పని చిన్నప్పుడు ఎవరు చేయలేదు?

ఈ వాదన తేలడానికి ఇంకా యాభై ఏళ్లకు పైగా పట్టింది. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే పురాతత్వవేత్త అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక దిబ్బ తవ్వాడు. (ఉట్నూరు అనగానే మన వాళ్లకు ఆదిలాబాద్ ఐటీడీఏ గుర్తుకొస్తుంది. ఇది అది కాదు, కృష్ణానది వైపుది.) బూడిద పొరల మధ్య కంచె గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. అంతకన్నా వింత, ఆవుల గిట్టల అచ్చులు ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ల కిందట తడి నేలలో దిగిన గిట్ట అలాగే నిలిచిపోయింది. ఫుట్ మాట అప్పుడు నిలబడింది. ఇంకా తర్వాత సంగనకల్లు మట్టిని జల్లెడ పట్టి, నీళ్లలో కడిగి చూసిన వాళ్లకు మాడిన గింజలు దొరికాయి. ఉలవలు, పెసలు, అండుకొర్ర లాంటి చిరుధాన్యాలు. మన కొండ చేలలో ఇప్పటికీ చల్లే జాతులే. పట్నం డాక్టర్లు ఈ మధ్యనే మంచివని కనిపెట్టిన గింజలు మెట్ట మనిషికి నాలుగు వేల ఏళ్ల కూడు.

మళ్లీ ఫుట్ దగ్గరికి వద్దాం. 1880ల మొదట్లో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఇంగ్లండ్ శాస్త్రవేత్త హక్స్‌లీ నుంచి ఒక కోరిక అందింది. కర్నూలు సున్నపురాతి గుహలను శ్రద్ధగా తవ్వించమని. ఆ పని ఫుట్‌కు అప్పగించారు. బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు. 1884లో మొదలుపెట్టాడు. సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు హెన్రీ ఆ పనిని 1885 దాకా నడిపాడు. గుహల అడుగున పొరలు పొరలుగా ఎముకలు. అందులో ఖడ్గమృగం, హైనా. ఈనాడు ఖడ్గమృగం చూడాలంటే అస్సాం వెళ్లాలి. ఒకప్పుడు కర్నూలు సీమలో అది తిరిగేది. ఆ జాతికి లిడెక్కర్ అనే శాస్త్రవేత్త కర్నూలు పేరే పెట్టాడు. మనిషి చెక్కిన ఎముక పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ ప్రకటించాడు. అవి నిజంగా మనిషి చెక్కినవేనా అని తర్వాత చాలామంది అనుమానించారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి అదే జిల్లాలో ముచ్చట్ల చింతమాను గవి అనే గుహ తవ్వి ఎముక పనిముట్లు చూపించాక ఆ అనుమానం తగ్గింది.

మూర్తిగారి పద్ధతి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన గుహ తవ్వి ఊరుకోలేదు. ఆ అడవుల్లో ఉన్న చెంచులు, బోయలు ఎలా వల పన్నుతారు, ఏ కాలంలో ఏ దుంప తవ్వుతారు, ఏ జంతువు ఏ నీటి దగ్గరికి వస్తుంది అని అడిగి తెలుసుకొని, దాన్ని బట్టి గుహల్లోని ఎముకలను అర్థం చేసుకునే ప్రయత్నం చేశాడు. ఫుట్ కాలంలో ఆదివాసీ మనిషి తవ్వే కూలీ. మూర్తి కాలానికి చెప్పే మనిషి అయ్యాడు. బిల్లసర్గంలో దుమ్ములో, గబ్బిలాల కంపులో నెలల తరబడి మట్టి మోసిన వాళ్ల పేర్లు చరిత్రకు ఎక్కలేదు. మా నిష్ఠూరాల్లో ఇది మొదటిది.

రెండోది కాలం గురించి. ఫుట్ మెట్టసీమలో గొడ్డళ్లు ఏరుతున్న రోజుల్లోనే, 1879-80లో, రంప పితూరీ గోదావరి మన్యంలో మొదలై మన గొలుగొండ కొండల దాకా పాకింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండపోడుకు సంకెళ్లు పడ్డాయి. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో ఈ నేల మీద మనిషి ఎంత పాతవాడో లెక్క రాయించింది, ఇంకో చేత్తో అదే నేల మీద బతుకుతున్న వాళ్లను ఆక్రమణదారులని రాసుకుంది. ఈ రెండో పనిలో ఫుట్ చెయ్యి ఉందని మేము అనడం లేదు.

మూడో నిష్ఠూరం సేలం దగ్గరి షెవరాయ్ కొండలది. ఫుట్ చివరి రోజుల్లో కాపురం పెట్టిన ఏర్కాడు ఆ కొండల మీదే ఉంది. అక్కడ మలయాళీ అని పిలిచే గిరిజనులు ఉంటారు, కేరళ వాళ్లు కాదు. చేలో దొరికిన నున్నటి రాతి గొడ్డళ్లను వాళ్లు చెట్టు కిందో, చిన్న గుడిలోనో నిలబెట్టి మొక్కుతారు. మన వైపు పిడుగురాయి అంటాం కదా, అలాంటి నమ్మకమే. ఫుట్ సేకరణలో ఆ కొండల గొడ్డళ్లు కూడా చేరాయి. శాస్త్రానికి అవి పనికొచ్చాయి, నిజమే. మొక్కే వాళ్లకు దేవుడు, ఏరే వాళ్లకు నమూనా – ఆ రెండింటి మధ్య తగవు తీర్చే న్యాయస్థానం ఆ రోజుల్లో లేదు, ఇప్పుడూ లేదు.

ఆయన పొరబాట్లు కూడా చెప్పుకోవాలి. పాత రాతియుగం మనుషులు పూర్తిగా మాయమైపోయారని, చాలాకాలం ఈ దేశం ఖాళీగా ఉండి, తర్వాత కొత్త రాతియుగం వాళ్లు వచ్చారని ఫుట్ నమ్మాడు. అది తప్పని తర్వాతి తవ్వకాలు తేల్చాయి. మధ్యకాలంలో సూక్ష్మశిలలు, అంటే గోరంత రాతి పలుకులు వాడిన వేటగాళ్లు దేశమంతటా ఉన్నారు. కర్నూలు దగ్గరి జ్వాలాపురంలో, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం డెబ్బై నాలుగు వేల ఏళ్ల కిందట పేలి కురిపించిన బూడిద పొరకు కిందా పైనా కూడా మనుషుల పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంత విపత్తు తర్వాతా అక్కడ మనుషులు మిగిలారు.

ముప్ఫై మూడేళ్ల సర్వే ఉద్యోగం నుంచి ఫుట్ 1891లో దిగిపోయాడు. తర్వాత బరోడా సంస్థానంలో, మైసూరు సంస్థానంలో భూగర్భ పనులు చూశాడు. బళ్లారి జిల్లా భూగర్భం మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1895లో అచ్చయింది. ఇన్నేళ్లూ ఏరిన రాళ్లు, పెంకులు ఇంటినిండా పేరుకున్నాయి. వాటిని ఇంగ్లండ్ తీసుకుపోయి ఉంటే ఈ రోజు మనం లండన్ వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి అమ్మాడు. ఊరికే ఇవ్వలేదు, అమ్మాడు. అయినా ఇక్కడే ఉంచాడు. ఇప్పటికీ ఎగ్మూరులో ఉన్నాయి.

అమ్మిన తర్వాత కూడా పని ఆపలేదు. ముసలితనంలో కూర్చొని ఒక్కొక్క వస్తువుకు జాబితా రాశాడు. ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ ఊరు, ఊరికి ఏ దిక్కున, కొండ మీదా, ఏటి గట్టునా, చేలోనా. మొత్తం 459 చోట్లు. మా దృష్టిలో ఫుట్ గొప్పతనం మొదటి రాయి కనిపెట్టడంలో కన్నా ఇందులోనే ఉంది. రాళ్లు ఏరిన దొరలు చాలామంది ఉన్నారు. బల్ల మీద కాగితాల బరువుకు పెట్టుకున్నారు, స్నేహితులకు పంచారు. ఏ ఊరిదో తెలియని గొడ్డలి అందమైన రాయి మాత్రమే, అంతకుమించి ఏమీ చెప్పదు. ఊరి పేరు ఉన్న గొడ్డలి, నూరేళ్ల తర్వాత ఇంకొకరు అక్కడికే వెళ్లి తవ్వేలా చేస్తుంది. ఆల్చిన్ మొదలు ఇప్పటి పరిశోధకుల దాకా మెట్టసీమకు వెళ్లే ముందు తిరగేసే పుస్తకం ఇదే. అది అచ్చయ్యేసరికి ఆయన లేడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో చనిపోయాడు. చితాభస్మాన్ని ఏర్కాడు చర్చిలో ఉంచారు. జాబితా 1914లో, దాని వివరణ 1916లో వచ్చాయి.

ఆ 459 చోట్లలో అన్నీ మిగల్లేదు. ఫుట్ నిలబడిన కుప్‌గల్ కొండను గ్రానైటు కోసం పగలగొడుతున్నారని, కొట్టితే గంటలా మోగే బండలు, పశువుల బొమ్మలు చెక్కిన బండలు ప్రమాదంలో పడ్డాయని ఈ శతాబ్దం మొదట్లో పరిశోధకులు మొరపెట్టుకున్నారు. బూడిద దిబ్బల మట్టిని రైతులు ఎరువుగా బండ్లకెత్తి చేలకు తోలారు. మెట్ట రైతు ఆకలి ముందు వాళ్లను తప్పుపట్టలేం.

మన సంగతి. అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగితే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి మీద ఉన్నట్టు రుజువు చూపమంటారు. సమాధులు, పాత కట్టడాలు, పూజాస్థలాలు కూడా రుజువులుగా చూపవచ్చని నిబంధనల్లో ఉంది. అలాంటి వాటిని గుర్తించి ఎక్కడున్నాయో రాసుకున్న ఊళ్లు ఎన్ని? కొన్నేళ్ల కిందట మాలో ఒకరి ఇంట్లో విత్తనాల బుట్టలో ఒక పిడుగురాయి ఉండేది. నల్లగా, అరచెయ్యంత, ఒక అంచు పదునుగా నూరింది. తాత పోడు కొడుతుంటే దొరికిందట. బుట్టలో ఉంటే గింజ పుచ్చదని నమ్మకం. పట్నం నుంచి వచ్చిన ఒకాయన పరీక్ష చేయించి తెస్తానని పట్టుకుపోయాడు. మళ్లీ రాలేదు. పోనీ రాయి పోయింది, అది దొరికిన చేను ఏదో తెలిస్తే చాలని ఇంట్లో వాళ్లను అడిగాం. కొండకు ఆవల అని ఒకరు, ఏటి పక్కన అని ఇంకొకరు అన్నారు. తాత బతికి ఉండగా ఎవరమూ రాసుకోలేదు.